పత్తికాయలో పరిణామం, ఊరిలో తైబందీ

(హనుమకొండలో విద్యార్థులు, ఉపాధ్యాయులు, రైతులు కలిసి కూర్చున్న సభలో ఒక విశ్రాంత జువాలజీ అధ్యాపకుడు చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు వరసలో ఉన్న పిల్లల చేతికి కొన్ని పత్తికాయలు ఇచ్చాను. చూసి వెనక్కి అందించండి. కాయ మీద ఎక్కడా రంధ్రం కనబడదు. పచ్చగా, గట్టిగా, మంచి కాయలాగే ఉంటుంది. ఇప్పుడు చాకుతో కోసిన కాయను చూడండి. కొన్ని అరల్లో దూది తెల్లగా, బాగానే ఉంది. ఒక అరలో మాత్రం పసుపు తిరిగి గట్టిపడింది. అక్కడ రెండు గింజలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. విడదీస్తే వాటి మధ్యలో గులాబీ రంగు పురుగు, అర అంగుళం పొడవు. గుడ్డులోంచి వచ్చిన వెంటనే, కంటికి ఆననంత సన్నగా ఉన్నప్పుడే కాయలోకి దూరిపోతుంది. దూరిన చోటు పూడుకుపోతుంది. ఆ తర్వాత పైనుంచి ఎన్ని మందులు కొట్టినా దానికి తగలవు. ఇక్కడ కూర్చున్న రైతులకు ఇదంతా నాకన్నా బాగా తెలుసు. గుడ్డిపూలు, అంటే పురుగు చేరి విచ్చుకోని పూలు, చూసినప్పుడే మీకు గుండె జారుతుంది.

జీవ పరిణామం అంటే లక్షల ఏళ్ల కిందటి సంగతి, ఎక్కడో ఆఫ్రికాలో, ఏవో ద్వీపాల్లో జరిగిన సంగతి అని మన పిల్లలు పరీక్షలో రాస్తారు. ఆ కాయలో ఉన్నది పరిణామమే. మన కళ్ల ముందు, పదిహేనేళ్ల లోపల, మన చేలల్లో జరిగింది. పరీక్షలో రాసేది ఒకటి, చేనులో జరిగేది ఇంకొకటి అనుకోవడం వల్ల మనకు జరిగిన నష్టం గురించి మాట్లాడదామని వచ్చాను.

2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా నుంచి తీసిన జన్యువును పత్తి మొక్కలో పెట్టారు. మొక్కే ఒక విషపు ప్రొటీన్ తయారు చేసుకుంటుంది. పురుగు ఆకో కాయో కొరికితే ఆ ప్రొటీన్ దాని పేగు గోడ మీద ఉన్న మరో ప్రొటీన్‌కు అతుక్కుంటుంది, పేగుకు చిల్లులు పడతాయి, పురుగు తిండి మానేసి చస్తుంది. మనకు, పశువులకు ఆ అతుక్కునే చోటు లేదు కాబట్టి ఏమీ కాదు. 2006లో రెండు జన్యువులున్న బీజీ-2 వచ్చింది. ఒకటి పనిచేయకపోతే రెండోది ఉంటుందని దాని ఆలోచన.

అప్పటికి వరంగల్ ఎలా ఉందో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. 1997-98లో లద్దె పురుగు పత్తి చేలను ఊడ్చేసింది. శనగపచ్చ పురుగు అంతకు పదేళ్ల ముందే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పైరిత్రాయిడ్ మందులను లెక్కచేయకుండా పోయింది. అప్పు తెచ్చి మందు కొట్టడం, చావకపోతే ఇంకో మందు కలిపి కొట్టడం. ఆ ఏడాది మన జిల్లాలో ఎన్ని ఇళ్లలో మనుషులు పోయారో తలచుకుంటే ఇప్పటికీ మాట రాదు. అందుకే బీటీ వచ్చినప్పుడు రైతు దాన్ని ఆశగా పట్టుకున్నాడు. పట్టుకోవడంలో తప్పేమీ లేదు. మొదట్లో అది పనిచేసింది కూడా.

2010లో గుజరాత్‌లోని అమ్రేలి, భావనగర్ లాంటి జిల్లాల్లో గులాబీ పురుగు మొదటి బీటీని తట్టుకుంటోందని బయటపడింది. 2015 నాటికి అదే గుజరాత్‌లో బీజీ-2 కాయల్లోనూ పురుగు కనిపించింది. 2017కల్లా మహారాష్ట్ర, తెలంగాణ చేలన్నింటా ఇదే మాట.

రైతులు అంటారు, పురుగు మందుకు అలవాటు పడిందని. ఏ ఒక్క పురుగూ అలవాటు పడలేదు. ఈ తేడా అర్థమైతే పరిణామంలో సగం అర్థమైనట్టే, అందుకని కాస్త నిదానంగా చెబుతాను. బీటీ రాకముందే, లక్షల పురుగుల్లో ఎక్కడో కొన్నింటికి పేగు గోడ మీది ఆ ప్రొటీన్ కాస్త తేడాగా ఉంది. అది పుట్టుకతో వచ్చిన తేడా, జన్యువును నకలు తీసుకునేటప్పుడు జరిగిన పొరపాటు. బీటీ వస్తుందని అది పుట్టలేదు. బీటీ లేని కాలంలో దానివల్ల పురుగుకు లాభమేమీ లేదు, కొంచెం నష్టమే. అలాంటి పురుగులు మామూలు పురుగులకన్నా కాస్త బలహీనంగా పెరుగుతాయని ప్రయోగాల్లో తేలింది. బీటీ వచ్చాక లెక్క తిరగబడింది. మామూలువన్నీ చచ్చాయి, ఈ తేడా ఉన్నవి మిగిలాయి. మిగిలినవే గుడ్లు పెట్టాయి. ఒక తరానికి నెల రోజులు చాలు, ఒక పంట కాలంలోనే నాలుగైదు తరాలు గడిచిపోతాయి. డార్విన్ 1859లో రాసిన పుస్తకం సారమంతా ఇంతే: పుట్టుకతో తేడాలుంటాయి, అవి పిల్లలకు వస్తాయి, అందరూ బతకరు, బతికినవాటి తేడాలే తర్వాతి తరంలో ఎక్కువవుతాయి.

బలమైనదే బతుకుతుంది అనే మాట సినిమాల్లోనూ, రాజకీయ ఉపన్యాసాల్లోనూ వింటాం. బీటీ లేకపోతే బలహీనమైన పురుగే బీటీ చేనులో గెలిచింది. ఎక్కడ, ఏ పరిస్థితిలో అన్నది చెప్పకుండా బలం అనే మాటకు జీవశాస్త్రంలో అర్థం లేదు. ఈ మాటను పట్టుకుని కొన్ని జాతులు పైవి, కొన్ని కులాలు తక్కువవి అని చెప్పినవాళ్లు సైన్స్ పేరుతో పెద్ద అన్యాయం చేశారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇలా జరుగుతుందని ముందే తెలుసు. తెలిసే ఒక ఉపాయం పెట్టారు. బీటీ విత్తనం డబ్బాలో 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్ ఇంకొకటి ఉండేది, గుర్తుందా? అది నాన్ బీటీ. చేను చుట్టూ ఐదు సాళ్లు గాని, విస్తీర్ణంలో ఇరవై శాతం గాని ఆ విత్తనం వేయాలని నియమం. చాలామంది ఆ ప్యాకెట్ ఒడ్డు మీదే పారేశారు. అందులో విత్తనం సరిగా మొలవదన్న ఫిర్యాదులు కూడా వచ్చాయి. కానీ అసలు కారణం వేరు. అది ఎందుకు వేయాలో మనకెవరూ సరిగ్గా చెప్పలేదు.

ఎందుకంటే, పురుగుకు ప్రతి జన్యువు రెండు నకళ్లు, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. తట్టుకునే గుణం రావాలంటే రెండూ మారినవే కావాలి. ఒకటే మారితే బీటీ తిని చస్తుంది. నాన్ బీటీ సాళ్లలో మామూలు పురుగులు వేలల్లో బతుకుతాయి. బీటీ చేనులో ఎక్కడో తట్టుకుని బయటపడిన ఒకటీ అరా రెక్కల పురుగు వీటితోనే జతకడుతుంది. వాటి పిల్లలకు ఒక మారిన నకలు, ఒక మామూలు నకలు. అవి బీటీ కాయ తిని చస్తాయి. అంటే మొండి గుణం తర్వాతి తరానికి చేరకముందే ఆగుతుంది. ఆ ఐదు సాళ్లు లేకపోతే తట్టుకున్నది తట్టుకున్నదానితోనే జతకడుతుంది, పిల్లలన్నీ మొండివే. మనం పారేసిన చిన్న ప్యాకెట్‌లో ఉన్నది మందు పనితనానికి ఆయుష్షు.

ఇంకొకటి. శనగపచ్చ పురుగు పత్తితో పాటు కంది, శనగ, టమాటా, ఇంకా ఎన్నో తింటుంది. అంటే మనం నాన్ బీటీ వేయకపోయినా దానికి పక్క చేనులో కంది ఉంది, మామూలు పురుగులు అక్కడ బతికాయి. అందుకే అది బీటీకి అంత త్వరగా లొంగకుండా పోలేదు. గులాబీ పురుగుకు దాదాపు పత్తే తిండి. చుట్టూ ఊళ్లన్నీ, తొంభై శాతానికి పైగా బీటీయే. పైగా నాలుగో ఏరుడు, ఐదో ఏరుడు అంటూ మార్చి దాకా చేను ఉంచితే పురుగుకు ఏడాదిలో తిండి లేని కాలమే ఉండదు. పరిణామం ఇంత వేగంగా జరగడానికి కావలసినవన్నీ మనమే సమకూర్చాం.

అమెరికాలో అరిజోనా రైతులు 1996 నుంచి నాన్ బీటీ సాళ్లు శ్రద్ధగా వేశారు. 2006 నుంచి గొడ్డు పురుగులను, అంటే పిల్లలు పుట్టకుండా చేసిన మగ, ఆడ రెక్కల పురుగులను వందల కోట్ల సంఖ్యలో విమానాల్లోంచి వదిలారు. 2018లో ఆ దేశం పత్తి చేలల్లో గులాబీ పురుగు లేదని ప్రకటించింది. చైనాలో యాంగ్జీ లోయ రైతులు ఖర్చు తగ్గుతుందని హైబ్రిడ్ పంట నుంచి వచ్చిన రెండో తరం విత్తనం వేసుకున్నారు. జన్యుశాస్త్రం లెక్క ప్రకారం అందులో నాలుగో వంతు మొక్కలు బీటీ లేకుండా మొలుస్తాయి. చేనంతా తెలియకుండానే నాన్ బీటీ కలిసిపోయింది. మొండి గుణం పెరగడం ఆగి, తగ్గింది. అదే పురుగు, అదే విషం. మనుషులు వేరుగా నడుచుకున్నారు, పురుగు పరిణామం వేరే దారి పట్టింది.

పత్తి ఒక్కటే కాదు. వరి వేసేవాళ్లకు ఉల్లికోడు తెలుసు. పిలకలో కంకి రావలసిన చోట ఉల్లికాడ లాంటి తెల్లటి గొట్టం లేస్తుంది, ఇక ఆ పిలక ఈనదు. ఈగ కన్నా చిన్న కీటకం, దాని పిల్లపురుగు లోపల పెరిగే మొన దగ్గర కూర్చుని చేసే పని అది. మన ములుగు రోడ్డులోని వ్యవసాయ పరిశోధన స్థానం ఏళ్ల తరబడి దీని మీద పనిచేసింది. ఎర్రమల్లెలు, కావ్య లాంటి రకాలు ఉల్లికోడును తట్టుకునేలా ఇక్కడే తయారయ్యాయి. ఉత్తర కోస్తాలో ఫల్గుణ రకం బాగా పాకింది, కొన్నేళ్లు కోడు రాలేదు. 1980ల మధ్యకల్లా ఫల్గుణను కూడా పట్టే కొత్త కోడు శ్రీకాకుళం వైపు పుట్టుకొచ్చింది. దేశంలో ఇప్పుడు ఈ కీటకంలో ఏడు రకాలను గుర్తించారు, శాస్త్రవేత్తలు బయోటైప్‌లు అంటారు. వాటిలో ఒకటి, 4ఎం అనేది, మన వరంగల్‌లో తేలింది. వరిలో ఒక జన్యువు తలుపు వేస్తే, కీటకంలో ఆ తలుపు తీయగలిగినవే మిగులుతాయి. ఇంకో జన్యువు వెతకాలి. ఆ పని ఎప్పటికీ అయిపోదు. పరిశోధన స్థానాలకు డబ్బులివ్వడం దండగ అనేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

పిల్లలు డైనోసార్ల గురించి అడుగుతారు, వాటిని వదిలేస్తే ఊరుకోరు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉన్న కోటాసారస్ అస్థిపంజరం మన ఉత్తర తెలంగాణదే. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వితే దొరికింది, దాని శాస్త్రీయ నామంలో ఆ ఊరి పేరు ఉంది. ప్రాణహిత, గోదావరి కలిసే ఆ లోయలోని రాళ్లలో అదే జురాసిక్ కాలపు చిన్న పాలిచ్చే జంతువుల పళ్లు కూడా దొరికాయి. ఒకదానికి కోటాథీరియం హాల్డేనీ అని పేరు పెట్టారు. ఆ పేరులో ఉన్న మనిషి దగ్గరికి వెళ్దాం.

జె.బి.ఎస్. హాల్డేన్. డార్విన్ చెప్పినదాన్ని, వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన మెండెల్ చెప్పినదాన్ని లెక్కలతో ఒక్కటి చేసిన ముగ్గురు నలుగురిలో ఒకరు. 1957లో ఇంగ్లండ్ వదిలి కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చారు, ఇక్కడి పౌరుడయ్యారు, 1964లో భువనేశ్వర్‌లో పోయారు. తన శరీరాన్ని వైద్య విద్యార్థులకు ఇమ్మన్నారు. అది కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి చేరింది. ఆయన శిష్యుల్లో పిఠాపురం నుంచి వెళ్లిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. తెలుగువాళ్ల మేనరికాల మీద జన్యుశాస్త్రం దృష్టితో పనిచేశారు.

1949లో హాల్డేన్ ఒక మాట చెప్పారు. రక్తానికి సంబంధించిన కొన్ని వంశపారంపర్య జబ్బులు మలేరియా ఉన్న చోట్లే ఎక్కువగా ఎందుకున్నాయి? ఆ జన్యువు ఒక్క నకలు ఉన్నవాళ్లు మలేరియా నుంచి బయటపడి ఉంటారు, అందుకే అది పోకుండా నిలిచి ఉంటుందన్నారు. 1954లో ఆఫ్రికాలో ఆలిసన్ అనే వైద్యుడు సికిల్ సెల్ విషయంలో అది నిజమని చూపించారు. మన ఏటూరునాగారం, ఉట్నూరు, భద్రాచలం ఏజెన్సీల్లో కోయ, గోండు కుటుంబాలకు ఈ జబ్బు కొత్త కాదు. రక్తంలోని హిమోగ్లోబిన్ అనే ప్రొటీన్ గొలుసులో ఒకే ఒక్క చోట ఒక అమైనో ఆమ్లం బదులు ఇంకొకటి. ఒక్క నకలు ఉంటే మనిషి మామూలుగానే ఉంటాడు, ప్రాణం తీసే మలేరియాను ఎక్కువగా తట్టుకుంటాడు. రెండు నకళ్లూ వస్తే ఎర్ర కణాలు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఎముకల్లో నొప్పి, రక్తం లేకపోవడం, పిల్లలకు తరచూ ఆస్పత్రి. తాతముత్తాతలను కాపాడిన జన్యువే మనవడిని ఏడిపిస్తుంది. ఎవరి పాపమూ కాదు, ఎవరి తప్పూ కాదు. ఏజెన్సీ ఊళ్లలో టీచర్లుగా ఉన్నవాళ్లు ఈ ఒక్క మాట ఆ తల్లులకు చెప్పగలిగితే చాలు.

మనిషి చేసే పని కూడా ఇందులో ఉంది. పశ్చిమాఫ్రికాలో అడవి నరికి దుంపల సాగు మొదలుపెట్టాక ఎండ తగిలే నిలవ నీళ్లు పెరిగి, దోమలు పెరిగి, ఈ జన్యువుకు లాభం వచ్చిందని లివింగ్‌స్టన్ అనే మానవ శాస్త్రవేత్త 1958లో రాశారు. సాగు అనేది ఆచారం, సంస్కృతి. అది పోయి రక్తంలో రాసింది.

పాల సంగతి కూడా అంతే. పాలిచ్చే జంతువులన్నీ తల్లి పాలు మానేశాక పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి పోగొట్టుకుంటాయి. పశువులను మేపుకుని పాలు తాగిన చోట, పెద్దయ్యాక కూడా ఆ శక్తి ఉంచే మార్పు పెరిగింది. యూరప్‌లో, మన వాయవ్య భారతంలో అదే మార్పు. దక్షిణానికి వచ్చేకొద్దీ అది ఉన్నవాళ్లు తగ్గుతారు. మరి మనం? పాలు తోడేసుకున్నాం. పెరుగులో బ్యాక్టీరియా ఆ చక్కెరను కొంత తినేస్తుంది. జన్యువు చేయని పని మజ్జిగ కుండ చేసింది.

ఇప్పుడు మేనరికం. ఇంట్లో గొడవలు పెట్టే అంశం, అయినా చెప్పాలి. మేనమామ కూతురు అయితే వరసైన పిల్ల. బాబాయి కూతురు అయితే చెల్లెలు, ఆ మాట ఊహించడమే తప్పు. జన్యువుల లెక్కలో ఇద్దరూ ఒకటే. ఇద్దరితోనూ మనం పంచుకునేది సగటున ఎనిమిదో వంతు. మేనమామనే చేసుకుంటే నాలుగో వంతు. కాబట్టి ఈ వరసలు జన్యువులను చూసి పుట్టలేదు. భూమి బయటికి పోకుండా, రెండు కుటుంబాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం తెగకుండా, ఆడపిల్ల తెలిసిన ఇంట్లో ఉండేలా పెద్దవాళ్లు కట్టుకున్న ఏర్పాటు అది. మనుషుల ప్రవర్తన అంతా జన్యువులే రాశాయని చెప్పేవాళ్లకు మన పెళ్లి వరసలే జవాబు. సంస్కృతి తన దారిలో తాను మారుతుంది, నిలుస్తుంది. కానీ దాని ఫలితం మాత్రం జన్యువుల మీద పడుతుంది. ఒకే తాత అవ్వల నుంచి వచ్చిన దాగిన లోపం రెండు వైపుల నుంచీ బిడ్డను చేరే అవకాశం మేనరికంలో ఎక్కువ. సికిల్ సెల్ లాంటిది ఉన్న కుటుంబాల్లో ఇంకా ఎక్కువ.

కులం లోపలే పెళ్లి కూడా ఇదే. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి చేసి 2013లో వెలువరించిన పరిశోధన ప్రకారం, సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా ఈ దేశంలో జనం బాగా కలిసిపోయారు. ఆ తర్వాత ఎవరి గుంపులో వాళ్లు ఉండిపోయారు. మనలో దాదాపు ప్రతి ఒక్కరూ ఆ కలయిక పిల్లలే. మా రక్తం స్వచ్ఛమైనది అనే మాట ఏ కులం వాళ్లు అన్నా అబద్ధమే. దాదాపు రెండు వేల ఏళ్లు తలుపులు మూసుకున్నందువల్ల మనకు మిగిలింది కొన్ని గుంపుల్లో కొన్ని అరుదైన జబ్బులు ఎక్కువ కావడం.

ఇలాంటివన్నీ పిల్లలకు చెప్పాల్సిన వయసు పదో తరగతి. 2023లో, పాఠ్యపుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలోంచి పరిణామం పాఠం తీసేసిన సంగతి బయటికి రాగానే 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు బహిరంగ లేఖ రాశారు. పదో తరగతి తర్వాత సైన్స్ వదిలేసే పిల్లలే ఎక్కువ. వాళ్లలోనే రేపటి పత్తి రైతులున్నారు. వాళ్లకు ఈ పాఠం దక్కకూడదా?

ఇక్కడ ఒక అమ్మాయి చీటీ పంపింది. మనుషుల్లో పరిణామం ఆగిపోయిందా సార్, అని. ఆగలేదు బిడ్డా. కానీ మనలో అది నెమ్మది, తరానికి పాతికేళ్లు పడుతుంది. మన ఒంట్లో ఉన్న బ్యాక్టీరియాకు అరగంట చాలు. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే హెచ్చరించారు, చాలీచాలని డోసు వాడితే సూక్ష్మజీవులు మొండికెత్తుతాయని. జ్వరం రెండు రోజుల్లో తగ్గిందని డాక్టర్ రాసిన గోలీలు మధ్యలో ఆపేయడం, జలుబుకు కూడా యాంటీబయాటిక్ అడగడం, ఇవన్నీ పత్తి చేనులో జరిగినదే మన ఒంట్లో జరగనివ్వడం. అలాంటప్పుడు మనిషికి ఉన్న బలం ఏమిటి? మనం చావకుండానే మారగలం. పురుగు మారాలంటే లక్షల పురుగులు చావాలి. మనిషి పక్కవాణ్ని చూసి, విని, అడిగి ఒక్క సీజన్‌లో మారతాడు. జంతువుల్లోనూ కొంత నేర్చుకోవడం ఉంది. జపాన్‌లో కోషిమా దీవిలో 1953లో ఒక పిల్ల కోతి చిలగడ దుంపలను నీళ్లలో కడుక్కుని తినడం మొదలుపెడితే, మిగతావి చూసి నేర్చుకున్నాయి. కానీ నేర్చుకున్నదాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి పేర్చుకుంటూ పోయేది మనమే.

ఆ వెనక పెద్దాయన చేయి ఎత్తారు. చెప్పండి... సరే, మైకు అందలేదు కాబట్టి నేను చెబుతాను అందరికీ. ఆయన ప్రశ్న: నా చేను మధ్యలో ఉంది, చుట్టూ ఎవరూ చేయకపోతే నేనొక్కణ్నే ఐదు సాళ్లు పురుగుకు వదిలి నష్టపోవడమెందుకు?

ఈ సభలో ఇంతకన్నా మంచి ప్రశ్న రాదు. పరిణామ శాస్త్రంలో కూడా పెద్ద ప్రశ్న ఇదే. నష్టం నాది, లాభం అందరిది అయినప్పుడు ఎవరైనా ఎందుకు చేయాలి? రెక్కల పురుగు ఎగిరి పోతుంది, మీ సాళ్లలో పుట్టిన మామూలు పురుగు వల్ల లాభం పక్కవాడికీ వస్తుంది. చేయనివాడికి నష్టం లేదు. అందరూ అలాగే లెక్క వేసుకుంటే ఎవరూ చేయరు. సరిగ్గా అదే జరిగింది. రైతుకు తెలివి లేక కాదు, ఒక్కొక్కరి లెక్క సరైనదే కాబట్టి జరిగింది.

కానీ ఈ చిక్కును మన ఊళ్లు ఎప్పుడో విప్పాయి. కాకతీయుల నాటి పాకాల, రామప్ప, లక్నవరం కింద, ఇంకా పేరు లేని ఎన్నో గొలుసుకట్టు చెరువుల కింద నీళ్లు అందరివీ. ఎగువవాడు మొత్తం పెట్టుకుంటే దిగువవాడికి ఎండుతుంది. అలాంటప్పుడు ఏం చేశారు? నీరటికాణ్ని పెట్టుకున్నారు. ఎవరి మడికి ఎప్పుడు నీళ్లో అతను చూస్తాడు, కల్లంలో అతనికి అందరూ వడ్లు కొలుస్తారు. యాసంగిలో నీళ్లు తక్కువైతే అందరూ కూర్చుని తైబందీ చేస్తారు. ఈసారి ఏ తూము కింద ఎన్ని ఎకరాలు సాగు, ఎవరిది బీడు అని తేలుస్తారు. బీడు పెట్టిన రైతు త్యాగం చేసినట్టు కాదు, వచ్చే ఏడు వంతు అతనిది. దొంగతనంగా మడి కట్టినవాణ్ని ఊరంతా చూస్తుంది. ఇలా కలిసి నడిచే పద్ధతి ఏ జన్యువులోనూ రాసి లేదు. నేర్చుకున్నారు, పని చేసినదాన్ని నిలుపుకున్నారు, పిల్లలకు చెప్పారు. అది సంస్కృతిలో జరిగిన పరిణామం. మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులను లెక్కకు తెచ్చి పూడిక తీయడం మొదలుపెట్టాం. పూడిక తీశాక నీరటికాడు, తైబందీ కూడా అన్ని చెరువుల కింద తిరిగి వచ్చి ఉంటే ఎంత బాగుండేది!

పత్తికి కూడా ఊరు తైబందీ కావాలి. పెద్దాయనా, మీరొక్కరే చేయమని నేను అనను. ఈసారి విత్తనం కొనకముందే, మే నెలలో, మీ ఊళ్లో పత్తి వేసేవాళ్లంతా ఒక్క పూట కూర్చోండి. పక్క ఊరివాళ్లను కూడా పిలవండి, పురుగుకు ఊరి పొలిమేర తెలియదు. మూడు మాటలు తేల్చుకోండి. మొదటిది, ఇప్పుడు నాన్ బీటీ గింజలు విత్తనంలోనే కలిపి వస్తున్నాయి, వాటిని ఏరి పారేయవద్దు. రెండోది, తక్కువ కాలపు రకం వేసి డిసెంబర్ చివరికల్లా ఊరంతా చేను ఖాళీ చేయడం. ఇదే అన్నిటికన్నా గట్టి దెబ్బ, నాలుగు నెలలు తిండి లేకుండా చేస్తే పురుగు మొండిదైనా మామూలుదైనా ఒకటే. పత్తికట్టెను చేనులోనే గుట్టలు పెట్టి ఉంచకూడదు, కాయల్లో పురుగు నిద్రపోయి జూన్‌లో లేస్తుంది. మూడోది, మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు అందరి చేలల్లో పెట్టి, బుట్టకు రోజుకు ఎనిమిది రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రోజులు పడితే ఆ రోజు సాయంత్రమే అందరికీ చెప్పే మనిషిని పెట్టుకోవడం. అతనికి నీరటికాడికి ఇచ్చినట్టే పత్తి అమ్మాక అందరూ తలా ఇంత ఇవ్వండి. నమ్మకస్తుడైన కుర్రాడు, ఫోన్ వాడకం తెలిసినవాడైతే చాలు. ఇక్కడ కూర్చున్న డిగ్రీ పిల్లల్లోనే అలాంటివాళ్లున్నారు. బుట్టలో పడిన పురుగులను లెక్కపెట్టి నోట్‌బుక్‌లో తేదీతో రాసుకోండి తమ్ముళ్లూ. రెండు మూడు పంటల లెక్కలు పక్కపక్కన పెడితే, మీ ఊళ్లో పురుగు పెరుగుతోందా తగ్గుతోందా అన్నది ఎవరూ చెప్పనక్కర్లేదు, మీ రాతలోనే కనబడుతుంది.

ఇంకా చేతులు కనిపిస్తున్నాయి. టైం ఉందంటున్నారు నిర్వాహకులు. అడగండి.